పాత టెంపో ట్రావెలర్‌లోని 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్: కొనదలచినవారికి

పెళ్ళివారిని, అయ్యప్ప మాల వేసుకున్నవారిని, షిర్డీ యాత్రికులను ఏళ్ళ తరబడి మోసిన పాత టెంపో ట్రావెలర్లు ఇప్పటికీ అక్కడక్కడ అమ్మకానికి వస్తున్నాయి. ఎక్కువమంది సీట్లు, ఏసీ, బాడీ కింద తుప్పు చూసి బేరం కుదుర్చుకుంటారు గాని ఇంజిన్ గురించి అడగవలసిన నాలుగు ప్రశ్నలు అడగరు. అలాంటి బండిని పన్నెండేళ్ళు రాజమహేంద్రవరం నుంచి తిప్పినవాడిగా, దాని ఇంజిన్ గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. తర్వాతి మోడళ్ళలో వచ్చిన 2596 సీసీ టర్బో ఇంజిన్ల సంగతి వేరు. ఇది టర్బో లేని పాత 2.4 లీటర్ల ఇంజిన్ సమీక్ష.

దీని పుట్టిల్లు జర్మనీ. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ ఓఎం 616 అనే పేరుతో 1973లో తన 240డీ కారులో పెట్టిన ఇంజిన్ ఇదే. మొదట్లో దాని పరిమాణం 2404 సీసీ, శక్తి 65 హార్స్ పవర్. తర్వాత సిలిండర్ బోరును 91 మిల్లీమీటర్ల నుంచి 90.9కి తగ్గించడంతో 2399 సీసీ అయింది. విచిత్రమేమిటంటే, పరిమాణం తగ్గినా శక్తి 72 హార్స్ పవర్‌కు పెరిగింది. 1977లో జర్మనీలో వచ్చిన టీ1 వ్యాన్లలో కూడా ఇదే ఇంజిన్ కుటుంబాన్ని వాడారు. ఆ వ్యాన్ ఆధారంగానే అప్పటి బజాజ్ టెంపో కంపెనీ, అంటే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకున్న సంస్థ, మన దేశంలో ట్రావెలర్‌ను తయారుచేసింది.

బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. నాలుగు సిలిండర్లు, ఐదు మెయిన్ బేరింగులు, పైన వాల్వులను తెరిచే ఒక క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పడానికి రెండు వరుసల చైను. స్ట్రోకు 92.4 మిల్లీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 21కి 1. జర్మన్ కారు లెక్కల్లో నిమిషానికి 4400 చుట్ల దగ్గర 72 హార్స్ పవర్, 2400 చుట్ల దగ్గర 137 న్యూటన్ మీటర్ల టార్కు వస్తాయి. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడదు. హెడ్డులో ఉన్న చిన్న ప్రీచాంబర్‌లో పడి, అక్కడ మంట అంటుకుని, సన్నని రంధ్రాల గుండా పిస్టన్ మీదికి ఎగదన్నుతుంది. అందువల్ల మోత కాస్త మెత్తగా ఉంటుంది, నాసిరకం డీజిల్‌ను కూడా సహిస్తుంది. అయితే ఆ గది గోడలు కొంత వేడిని మింగేస్తాయి కాబట్టి మైలేజీ తగ్గుతుంది, చలిలో ఆ గదిని ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులు లేనిదే స్టార్ట్ కాదు.

వేగం కోరుకునేవారికి ఇది పనికిరాదని ముందే చెప్పాలి. పదముగ్గురు మనుషులు, పైన లగేజీ, లోపల ఏసీ పెట్టుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు 72 హార్స్ పవర్ ఎంత తక్కువో పాదానికి తెలుస్తుంది. నేను ఏసీ ఆపేసి రెండో గేరులో పెట్టి, వెనక వచ్చేవాళ్ళు హారన్ కొట్టినా పట్టించుకోకుండా ఎక్కించేవాణ్ణి. హైవే మీద నా బండి లీటరుకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఇచ్చేది. గంటకు 70 దాటితే ఆ పదీ ఉండేది కాదు.

ఇక లోపాల సంగతి. ఈ ఇంజిన్‌కు వాల్వు గ్యాపును తమంతట తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు. వాల్వు గ్యాపును ఎప్పటికప్పుడు చేత్తో సెట్ చేయాలి: చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కు 0.10 మిల్లీమీటరు, ఎగ్జాస్ట్‌కు 0.30 మిల్లీమీటరు. మెర్సిడెస్ వారు దాదాపు 24,000 కిలోమీటర్లకు ఒకసారి చూడమన్నారు. చాలా ఇంజిన్లలో ట్యాపెట్లు వదులై శబ్దం చేస్తాయి కాబట్టి శబ్దం లేకపోతే బాగున్నట్టే అనుకుంటాం. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. వాల్వు తన సీటులోకి అరిగి దిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, శబ్దం కూడా తగ్గుతుంది, ఇంజిన్ ముద్దుగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది.

ఈ పాఠం నేను డిసెంబరులో అరకులో, తెల్లవారుజామున, పదకొండుమంది ప్రయాణికులు దుప్పట్లు కప్పుకుని చూస్తుండగా నేర్చుకున్నాను. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, సైలెన్సరులోంచి పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. హీటర్ ప్లగ్గులని నేను నిర్ధారించుకుని కొత్తవి వేయించాను, ఫలితం లేకపోయింది. అక్కడి మెకానిక్ ఒక పెద్దాయన పైమూత విప్పి, ఫీలర్ గేజ్‌లోని, అంటే గ్యాపు కొలిచే పలచని రేకుల కట్టలోని, 0.10 బ్లేడును మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర పెట్టి చూశాడు. 0.30 ఆడవలసిన చోట 0.10 కూడా దూరలేదు. “ట్యాపెట్లు ఎప్పుడు చూపించారండీ?” అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అరవై వేల కిలోమీటర్లుగా దాని జోలికి వెళ్ళలేదు. రెండు పద్నాలుగు నంబరు స్పానర్లతో గంటలోపు అన్నీ సెట్ చేశాడు. రెండో సెల్ఫ్‌కే బండి అందుకుంది. తప్పు ఇంజిన్‌ది కాదు, నాది.

హీటర్ ప్లగ్గులు కూడా తరచుగా పోతాయి. పాత రకంలో చుట్టలాంటి తీగ ఉన్న ప్లగ్గులు ఒకదాని వెంట ఒకటి సిరీస్‌లో ఉంటాయి, కాబట్టి ఒకటి కాలితే నాలుగూ ఆగిపోతాయి. తర్వాత వచ్చిన పెన్సిల్ రకంలో దేని కనెక్షన్ దానిదే. అందువల్ల ఒకటి పోయినప్పుడు బండి స్టార్ట్ అవుతుంది గాని మొదటి నిమిషం మూడు కాళ్ళ మీద నడుస్తున్నట్టు కుంటుతుంది. కొనేటప్పుడు ఈ కుంటుడును గమనించాలి. మామూలు టెస్ట్ ల్యాంపుతో అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

డీజిల్‌ను ప్రీచాంబర్‌లోకి చిమ్మే నాజిళ్ళ విషయంలో పొదుపు చేయకూడదు. ఇవి 115 నుంచి 125 బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి. అరిగినవి ధారలాగా కార్చి ఇనుపకడ్డీతో కొట్టినట్టు టకటకమని మోత పెడతాయి, నల్ల పొగ వదులుతాయి. నాజిల్ విప్పిన ప్రతిసారీ దాని కింద వాషర్ కొత్తది వేయాలి, అది నలిగి సీలు పట్టే రకం కాబట్టి రెండోసారి పనికిరాదు. పేరు చెప్పను గాని, ఒక వర్క్‌షాపులో పాత వాషర్లతోనే బిగించి పంపించారు. నెల తిరగకుండా నాజిల్ మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి పేరుకుంది, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా ఫుస్ ఫుస్ అని గాలి చప్పుడు వచ్చింది. బానెట్ ఎత్తగానే కనిపించే ఆ మడ్డి, గత యజమాని ఎలాంటి రిపేర్లు చేయించాడో చెప్పేస్తుంది.

ఇన్‌లైన్ డీజిల్ పంపు మాత్రం ఈ ఇంజిన్‌లో నాకు అత్యంత నచ్చిన భాగం. ఇంజిన్ ఆయిలే దానికీ లూబ్రికేషన్ ఇస్తుంది కాబట్టి ఆయిల్ శుభ్రంగా ఉంటే అది దాదాపు ఇంజిన్‌తో సమానంగా బతుకుతుంది. ఇబ్బంది అంతా దాని చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలతోనూ, పక్కనున్న చేతి పంపుతోనూ వస్తుంది. అవి గాలి పీల్చితే బండి స్టార్ట్ అయి రెండు నిమిషాలు నడిచి చప్పున ఆగిపోతుంది. ఆ లక్షణం చూసి ఏకంగా పంపు దింపించి కాలిబ్రేషన్‌కు పంపినవారు నాకు తెలుసు. ముందు కొన్ని వందల రూపాయల గొట్టాలు మార్చి చూడటం మేలు.

టైమింగ్ చైను బెల్టులాగా తెగిపోదు, సాగుతుంది. సాగినకొద్దీ క్యామ్ టైమింగూ, డీజిల్ టైమింగూ వెనకబడతాయి, పికప్ మందగిస్తుంది, చల్లటి ఇంజిన్ తెల్ల పొగ పోస్తుంది. చైను పళ్ళచక్రం మీద పళ్ళు దాటితే మాత్రం వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఆ నష్టానికి హద్దు లేదు. కొత్త చైనును పాతదాని లింకుకు కలిపి, ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతూ లోపలికి లాక్కోవచ్చు, ముందుభాగం విప్పనక్కరలేదు. అయితే ఇద్దరు మనుషులు కావాలి, రెండు కొసలూ ఒక్క క్షణం కూడా వదులు కాకూడదు.

వేడెక్కడానికి ఇంజిన్ కంటే మన నీళ్ళే ఎక్కువ కారణం. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోస్తూ పోతే లోపల సున్నం పట్టి సగం గొట్టాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత హెడ్ గాస్కెట్ పోయిందని ఇంజిన్‌ను తిట్టడం న్యాయం కాదు. వెనక క్రాంక్ సీలు దగ్గర ఆయిల్ చెమర్చడం కూడా మామూలే. చుక్కలు రాలకపోతే నేను పట్టించుకోను.

ఇంత వయసు ఇంజిన్‌లో చివరికి తేల్చుకోవలసింది కంప్రెషన్. ఆరోగ్యంగా ఉంటే ఒక్కో సిలిండర్‌కు 22 నుంచి 24 బార్లు చూపిస్తుంది. 15కు పడిపోయిందంటే బోరు చేయించుకోవడానికి సిద్ధపడాలి. సిలిండర్లకు మధ్య తేడా 3 బార్లు మించకూడదు. గేజ్ లేనప్పుడు ఒక నాటు పద్ధతి ఉంది. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి ఆ రంధ్రం మీద వదిలేయాలి. అది కొద్దిగా గెంతుతూ అక్కడే ఉంటే సరే, ఎగిరి పక్కన పడితే, దానితోపాటు నీలి పొగ కూడా కనిపిస్తే, రింగులు అయిపోయినట్టే. అప్పుడు ఓవర్‌హాల్ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగాలి, లేదా లేచి రావాలి.

రోజూ హైదరాబాదుకు, బెంగళూరుకు ట్రిప్పులు వేసేవారికి నేను ఈ ఇంజిన్‌ను సూచించను. దూరప్రయాణాల్లో టర్బో మోడల్ మిగిల్చే సమయమే దాని అదనపు ధరను తీర్చేస్తుంది. బడి పిల్లలకో, ఊరి చుట్టుపక్కల గుళ్ళకో, క్యాటరింగ్ సామానుకో బండి కావాలనుకునేవారు నిశ్చింతగా చూడవచ్చు. చూడటానికి మాత్రం తెల్లవారుజామునే వెళ్ళాలి, తాళం తిప్పకముందే బానెట్ ఎత్తించి పైమూత మీద అరచెయ్యి ఆనించాలి. వెచ్చగా తగిలిందా, అమ్మేవాడు మనకంటే ముందే లేచి స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. మారు మాట్లాడకుండా మర్నాడు మళ్ళీ వస్తానని చెప్పి, అంతకంటే గంట ముందు వెళ్ళాలి.