ఓ3నా, పీ2నా? సోడియం బ్యాటరీ కాథోడ్‌కి ఏది మేలు?

చెన్నైలో మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు తమ్ముడు మొన్న అడిగాడు: “అక్కా, సోడియం అయాన్ సెల్‌కి ఓ3 చేయనా, పీ2 చేయనా? పేపర్లన్నీ పీ2నే మెచ్చుకుంటున్నాయి.”

రెండూ కాథోడ్‌కి, అంటే బ్యాటరీ ప్లస్ వైపుకి, వాడే పొరల ఆక్సైడ్లే. నికెల్, ఇనుము, మాంగనీస్ లాంటి లోహాల ఆక్సైడ్ పొరల నడుమ సోడియం కూర్చుంటుంది. దాని చుట్టూ ఆరు ఆక్సిజన్లు అష్టముఖిలా అమరితే ఓ, పట్టకంలా అమరితే పీ. ఎన్ని పొరలకోసారి అమరిక తిరిగి మొదలవుతుందో పక్కనున్న అంకె చెబుతుంది. 1980లో ఫ్రాన్స్‌లో క్లోద్ దెల్మాస్ బృందం పెట్టిన పేర్లివి.

పీ2లో సోడియం పట్టకం నుంచి పట్టకానికి వెడల్పాటి దారిన జారిపోతుంది. ఓ3లో ఇరుకు సందులోంచి దూరాలి. అందుకే ఫాస్ట్ ఛార్జింగ్‌లో పీ2దే పైచేయి. 2012లో జపాన్‌లో యాబుచి, కొమాబా బృందం ఇనుము, మాంగనీస్‌లతోనే చేసిన పీ2 గ్రాముకు 190 మిల్లీఆంపియర్ అవర్ ఛార్జ్ ఇచ్చింది. నికెల్ లేదు, కోబాల్ట్ లేదు! అది చదివిన రోజు నేనూ పీ2 వైపే ఉన్నాను.

కానీ అది హాఫ్ సెల్ అంకె. అక్కడ ఎదురుగా సోడియం లోహపు రేకు ఉంటుంది, అడిగినంత అప్పిస్తుంది. అమ్మే సెల్‌లో ఎదురుగా ఉండేది హార్డ్ కార్బన్, అంటే బొగ్గులాంటి ఒక రకం కార్బన్. దాని దగ్గర సోడియం ఏమీ ఉండదు, పైగా మొదటి ఛార్జింగ్‌లోనే కొంత మింగేస్తుంది. పీ2లో ఒక్కో లోహ పరమాణువుకు సోడియం మూడింట రెండొంతులే, ఓ3లో దాదాపు ఒకటికి ఒకటి. నికెల్, ఇనుము, మాంగనీస్ సమపాళ్లలో ఉన్న ఓ3 గ్రాముకు 130 దాకా ఇస్తుంది. తక్కువే, కానీ అంతా సొంత సోడియం.

నికెల్-మాంగనీస్ పీ2ని 4.2 వోల్టులు దాటిస్తే పొరలు జరిగి, ఘనపరిమాణం 20 శాతానికి పైగా తగ్గి, గింజలు పగులుతాయి. కాస్త మెగ్నీషియం కలిపితే అది చాలావరకు అదుపులోకి వస్తుంది.

ఇక ఓ3 పెట్టే బాధ చెన్నైలో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. ఒక నవంబరు ముసురులో, తూకం హడావిడిలో, సీసా మూత తెరిచి మర్చిపోయాం. తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి పొడిలోని సోడియంను బయటికి లాగి హైడ్రాక్సైడ్, కార్బొనేట్ చేసేశాయి. ఆ క్షారం పొడిని పట్టి ఉంచే జిగురును, అదే పీవీడీఎఫ్ బైండర్‌ను, దెబ్బతీసింది. ఫాయిల్ మీద పూయడానికి కలిపిన, మజ్జిగలా జారాల్సిన నల్లటి స్లర్రీ జున్నులా గడ్డకట్టింది. గరిటె గుచ్చితే అలాగే నిలబడింది. ఫాయిల్ మీద లాగితే అన్నీ ముద్దలే. వారం పని పోయింది.

దీనికి విరుగుడుగా చైనాలో హూ యోంగ్‌షెంగ్ బృందం 2015లో నికెల్ తీసేసి రాగి వాడింది. ఆ ఓ3 గాలికి తట్టుకుంటుంది, కాకపోతే గ్రాముకు 100 దగ్గరే ఆగుతుంది.

నా ఓటు ఓ3కే. తేమను డ్రై రూమ్‌తో, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడంతో కట్టడి చేయొచ్చు. పీ2లో లేని సోడియం ఎక్కడి నుంచి తెస్తాం? ఆ లోటు పూడ్చే రసాయనాలున్నాయి గానీ ఖర్చు పెరుగుతుంది, కొన్ని సెల్‌లో గ్యాస్ కూడా వదులుతాయి.

తమ్ముడితో అదే చెప్పాను: “ఓ3తో మొదలుపెట్టు. ఫర్నేస్ పూర్తిగా చల్లారేదాకా ఆగకు. వేడి మీదున్నప్పుడే పొడి తీసి, గాలీ తేమా చొరబడని గ్లవ్ బాక్స్‌లోకి పంపెయ్.” వాడి మొదటి బ్యాచ్ ఈ రాత్రి 850 డిగ్రీల దగ్గరుంది.