కొత్త ఏసీ: కంపెనీకి మూడు స్టార్లు, ఊరి ఇన్‌స్పెక్టర్‌కి ఐదు

మేం డల్లాస్‌కి ఉత్తరాన ఉంటాం. 2007లో కట్టిన ఇల్లు, ఏసీ కూడా అప్పటిదే. 2025 జులైలో, మా అమ్మ రాజమండ్రి నుంచి దిగిన నాలుగో రోజున, దాని కంప్రెసర్ పోయింది. ఇంట్లో 88 డిగ్రీలు. సెల్సియస్‌లో చెబితే అమ్మ నవ్వింది. "31కే ఇంత గోలా?" అని.

ముగ్గుర్ని కొటేషన్ అడిగాం. మొదటాయన ఇల్లు చూడకుండానే ఫోన్లో "ఐదు టన్నులు వేసేద్దాం" అన్నాడు. రెండో ఆయన అందరికంటే 1,100 డాలర్లు తక్కువ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "పర్మిట్ లేకుండా అయితేనే ఈ రేటు" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. నేను ఒప్పుకోలేదు. మా ఊళ్ళో పాత యంత్రం తీసి కొత్తది పెట్టినా మెకానికల్ పర్మిట్ తీసుకోవాల్సిందే. రేపు ఇల్లు అమ్మబోతే కొనేవాళ్ళు ఆ కాగితం అడుగుతారు. ఫీజు వంద డాలర్ల లోపే, దానికోసం అంత కక్కుర్తి ఎందుకు?

మూడో కంపెనీకి పని ఇచ్చాం. పేరు ఇక్కడ రాయను. వాళ్ళ వ్యాను మీద టీఏసీఎల్ఏ అక్షరాలతో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంది. టెక్సస్‌లో ఈ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ టీడీఎల్ఆర్. ఆ నంబరు వాళ్ళ సైట్లో కొడితే లైసెన్స్ ఇంకా నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. ఏసీ వాళ్ళని పిలిచేముందు రెండు నిమిషాలు ఆ పని చేయండి. వచ్చినాయన కిటికీలు కొలిచాడు, అటక మీద ఇన్సులేషన్‌లో టేపు గుచ్చి లోతు చూశాడు, లెక్క కట్టి "నాలుగు టన్నులు చాలు" అన్నాడు. అవసరానికి మించి పెద్దది పెడితే గది గబుక్కున చల్లబడి యంత్రం ఆగిపోతుందట, గాల్లో తేమ మాత్రం అలాగే ఉండిపోతుందట. నాలుగు టన్నులంటే గంటకి 48 వేల బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే యూనిట్) వేడిని బయటికి తోడేస్తుందన్నమాట. ఆ సైజుకి ఈ దక్షిణ రాష్ట్రాల్లో కనీసం 13.8 సీర్2 (కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే రేటింగ్) ఉండాలి, మాకు పెట్టింది 15.2. లోపల చల్లబరిచే గ్యాసు కూడా కొత్త రకం, ఆర్-454బీ.

ఈ లెక్కలన్నీ విని అమ్మ, "మన ఇంట్లో మనం ఏసీ పెట్టుకోడానికి ఊరి అనుమతి ఏంటే?" అంది. నిజమే, రాజమండ్రిలో మా ఏసీ అబ్బాయి గోడకి కన్నం కొట్టి, స్టాండు బిగించి, టీ తాగి వెళ్ళిపోయాడు. అయితే అక్కడ అటక మీద గ్యాసు మంట మండే ఫర్నేసు ఉండదు కదా. ఇక్కడ చలికాలం వేడి, ఎండాకాలం చల్లదనం ఒకే గొట్టాల్లోంచి వస్తాయి. మా ఫర్నేసు కింద పడకగది ఉంది.

పనికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. పొద్దున ఎనిమిదికి అటకెక్కితే సాయంత్రం ఐదున్నరకి దిగారు. అమ్మ అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ ఇస్తే ఒకడు రెండో గ్లాసు అడిగి తాగాడు. పని శుభ్రంగా చేశారు, పాత సామాను తీసుకెళ్ళారు, నేల తుడిచారు. ఇక్కడిదాకా ఐదు స్టార్లే.

రెండ్రోజుల తర్వాత, పర్మిట్ తీసుకున్న పనిని తనిఖీ చేయడానికి ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. టార్చి పట్టుకుని పైకెక్కాడు. యూనిట్ నుంచి కారిన నీళ్ళు పట్టే పళ్ళెం కింద ఉంటుంది, అందులో నీళ్ళు నిండితే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్‌ని వేలితో లేపాడు, బయట యంత్రం టక్కున ఆగింది. అది పాస్. తర్వాత రెండు తప్పులు పట్టాడు. గ్యాసు పైపు ఫర్నేసులోకి వెళ్ళే ముందు కిందికి దిగే చిన్న మూత పైపు ఒకటి ఉండాలి. గ్యాసుతో వచ్చే మురికి బర్నర్‌లోకి పోకుండా అందులో పడుతుంది. అది పెట్టలేదు. రెండోది, పళ్ళెం నుంచి బయటికి వచ్చే పైపు. పాతదానికే కలిపేశారు, అది ఇంటి వెనక గుబురు మొక్కల చాటున తేలింది. నీళ్ళు కారితే ఇంట్లోవాళ్ళ కంట పడే చోట, వీలైతే కిటికీ పైన ఉండాలన్నాడు. ఫెయిల్.

కంపెనీ వాళ్ళు "ఎన్నో ఏళ్ళుగా ఇలాగే పెడుతున్నాం" అని కాస్త గొణిగారు గానీ, వచ్చి రెండూ సరిచేశారు. రెండోసారి ఇన్‌స్పెక్షన్ ఫీజు వాళ్ళే కట్టుకున్నారు. నాకు మాత్రం ఇంకో సగం రోజు సెలవు పోయింది. తగ్గిన స్టార్లు అందుకే.

సెప్టెంబర్లో ఒక పొద్దున అమ్మ, "వంటింటి కిటికీ మీద నుంచి నీళ్ళు కారుతున్నాయేంటే, వాన కూడా లేదుగా" అంది. ఏసీ నీళ్ళు మామూలుగా పోయే అసలు డ్రెయిన్ పైపు మూసుకుపోయి, నీళ్ళు పళ్ళెంలోకి మళ్ళాయి. పైపు మొక్కల చాటునే ఉండి ఉంటే మాకు తెలిసేదే కాదు. మర్నాడు కంపెనీ అబ్బాయి వచ్చి వాక్యూమ్‌తో లాగితే జిగురులాంటి పాచి గుప్పెడు వచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

అప్పటినుంచి అమ్మ రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ కిటికీ దగ్గరికెళ్ళి, పైపు కేసి ఒకసారి చూసి వస్తోంది.