బిల్లులో కూలెంట్, రేడియేటర్‌లో రంగు నీళ్లు: సర్వీసుకి ఇచ్చేముందు ఇది చదవండి

ఎండలు ముదిరేలోపు కారు సర్వీసు చేయించేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ముందే చెప్తున్నా. కూలెంట్ (ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే ద్రవం) మార్చామని బిల్లు వేసి, రేడియేటర్‌లో రంగు కలిపిన కుళాయి నీళ్లు పోసే గ్యారేజీలు ఉన్నాయి. మాకు అదే జరిగింది. హైదరాబాద్‌లో అన్ని కంపెనీల కార్లూ చేసే గ్యారేజీ అది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. మీరు ఏ గ్యారేజీకి వెళ్లినా పనికొచ్చేలా అసలేం జరిగిందో, ఎలా పట్టుకోవచ్చో రాస్తున్నా.

పోయిన ఏడాది మార్చిలో మా పెట్రోల్ కారు వాళ్ల దగ్గర సర్వీసు చేయించాం. బిల్లులో కూలెంట్ నాలుగు లీటర్లు అని, రేడియేటర్ ఫ్లషింగ్ (లోపల కడగడం) అని విడివిడిగా వేశారు. "మధ్యలో తగ్గితే ఇది పోసుకోండి సార్" అంటూ లేబుల్ లేని లీటరు సీసాలో పచ్చటి ద్రవం కూడా చేతిలో పెట్టారు, దానికీ డబ్బు తీసుకున్నారు. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏప్రిల్‌లో అమ్మని తీసుకుని విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఏసీ చల్లదనం తగ్గింది, ఏంటా అని చూస్తే ఎప్పుడూ సగం దగ్గర నిలబడే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. వెంటనే ఏసీ ఆపేసి హీటర్ ఫుల్‌లో పెట్టి (అలా చేస్తే ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది, ఉడికిపోతాం గానీ ఇంజిన్ బతుకుతుంది) బండి పక్కకి తీసి ఆపాం. బాగా చల్లారేదాకా మూత జోలికి పోలేదు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీళ్లు ఒక్కసారిగా మొహం మీదకి ఎగజిమ్ముతాయి, ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి.

దగ్గర్లో షెడ్డు ఉన్న మెకానిక్ వచ్చి మూత తీసి వేలు ముంచాడు. వేలికి టీ డికాషన్ రంగు నీళ్లు అంటుకున్నాయి, అడుగున ఎర్రటి తుప్పు బురద. రెండు వేళ్ల మధ్య రుద్ది చూపించి, "ఇందుల కూలెంట్ చుక్క లేదు సార్, మొత్తం నీళ్లే" అన్నాడు. మంచి కూలెంట్ అయితే వేళ్ల మధ్య కాస్త జారుడుగా, జిగటగా తెలుస్తుంది. ఇది ఒట్టి నీళ్లలా ఉండి, ఆరాక గోధుమరంగు పొడి మిగిల్చింది. వాటర్ పంపు సీలు దెబ్బతిని, పంపు కింద తుప్పు చార కట్టి ఉంది. రేడియేటర్ సగం పూడుకుపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోలేదు, అదొక్కటే ఊరట. అది పోతే హెడ్ విప్పి ఫేసింగ్ (అడుగు చదును) చేయించాలి, ఆ ఖర్చు వేరే లెక్క.

ఇంటికొచ్చాక వాళ్లిచ్చిన పచ్చ సీసా గుర్తొచ్చింది. అందులోంచి రెండు చెంచాలు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, గట్టిగా మూతపెట్టి, కవర్లో చుట్టి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాను. తెల్లారేసరికి పచ్చటి ఐసు ముక్క. డబ్బా తిరగేస్తే కదల్లేదు. ఇంట్లో ఫ్రీజర్ సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. కూలెంట్‌లో అసలు సరుకు ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం, అదీ నీళ్లూ సగం సగం కలిపిన కూలెంట్ మైనస్ 37 దాకా గడ్డకట్టదు కాబట్టి ఫ్రీజర్‌లో ద్రవంగానే ఉండిపోవాలి. మూడో వంతు గ్లైకాల్ ఉన్నదైతే మహా అయితే జావలా అవుతుంది. రాయిలా బిగుసుకుందంటే అది దాదాపు నీళ్లే. గ్లైకాల్ లేకుండా తుప్పు పట్టనివ్వని మందు మాత్రమే కలిపి చవగ్గా అమ్మే రకాలు కూడా ఉన్నాయి, అవీ గడ్డకడతాయి. కానీ మా బిల్లు మీద రాసిందీ, డబ్బు కట్టిందీ గ్లైకాల్ కూలెంట్‌కి.

ఈ పరీక్ష చేసేవాళ్లు ఒక్కటి మర్చిపోవద్దు. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలకి, కుక్కలకి అందితే ప్రాణం మీదకి వస్తుంది. తినే వస్తువులకి తగలకుండా పెట్టండి, మీద పేరు రాయండి, తర్వాత ఆ డబ్బా పారేయండి. మంచినీళ్ల సీసాలో కూలెంట్ పోసి ఇచ్చే గ్యారేజీ మీద నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది ఇందుకే. మోసం ఒకెత్తు, ఇంట్లో ఎవరైనా షర్బత్ అనుకుని తాగితే?

మరి ఏడాది దాకా ఎందుకు తెలియలేదంటే, ఈ మోసం దాగేది అక్కడే. వేడిని మోయడంలో ఒట్టి నీళ్లు కూలెంట్ కంటే తక్కువేం కాదు, నిజానికి కాస్త మెరుగే. అందుకే పోసిన మర్నాడు ముల్లు మామూలుగానే ఉంటుంది. తేడా మెల్లగా వస్తుంది. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని రసాయనాలు ఉంటాయి, నీళ్లలో ఉండవు. అల్యూమినియం హెడ్, రేడియేటర్, వాటర్ పంపు లోపల్లోపలే తినేసుకుపోతాయి. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గీజర్ రాడ్‌కి పట్టే తెల్ల పెంకే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. దానికి తోడు నీళ్లు త్వరగా మరుగుతాయి. మనకి మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు అనే మెకానిక్ మాట నమ్మకండి, మనకి అది కావాల్సింది తుప్పు కోసం, ఏప్రిల్, మే ఎండల కోసం.

ఇక సర్వీసుకి వెళ్తే: కూలెంట్ డబ్బా సీలు మీ కళ్ల ముందు విప్పమనండి, ఖాళీ డబ్బాలు మీ డిక్కీలో పెట్టమనండి. ఇవ్వనంటే అక్కడ కూలెంట్ పని చేయించకండి. రంగు చూసి ఏదీ తేల్చుకోవద్దు. పచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీలు వేసుకునే రంగులు, వాటికి ఒక కట్టుబాటు లేదు. మీ కారు మాన్యువల్‌లో ఏ రకం రాశారో అదే కొనండి, కనబడిందల్లా కలపకండి. డబ్బా మీద కాన్సంట్రేట్ అని ఉంటే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. రెడీ టు యూజ్ అని ఉంటే చుక్క నీరు కలపక్కర్లేదు. కాన్సంట్రేట్ ధర వేసి రెడీ మిక్స్ పోయడం, రెడీ మిక్స్‌లో మళ్లీ నీళ్లు కలపడం, ఈ రెండూ కూడా జరుగుతున్నాయి. నమ్మకం కుదరకపోతే రిఫ్రాక్టోమీటర్ ఉందా అని అడగండి, ఒక్క చుక్కతో గ్లైకాల్ ఎంతుందో చూపిస్తుంది.

ఇంట్లో చూసుకోవడం కష్టమేం కాదు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న చోట బండి పెట్టి, రిజర్వాయర్ బాటిల్‌లో (రేడియేటర్‌కి కలిపి ఉండే కూలెంట్ డబ్బా) మట్టం మిన్, మాక్స్ గీతల మధ్య ఉందో లేదో చూడండి. తగ్గితే అదే రకం కూలెంట్ మాక్స్ దాటకుండా పోయండి. మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో లీకుంది, పోస్తూ కూర్చోకండి, చూపించండి. కొత్త కార్లు కొన్నిటికి ముల్లే లేదు, ఎర్ర లైటు వచ్చేసరికే ఆలస్యమైపోతుంది, కాబట్టి వాళ్లు ఈ బాటిల్ ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. దారిలో వేరే గతి లేకపోతే ఇంజిన్ చల్లారాక మంచినీళ్లు పోసి దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు, తర్వాత మాత్రం మొత్తం తీయించి సరైనది పోయించాలి.

గ్యారేజీవాళ్లు మొదట "మధ్యలో మీరే నీళ్లు పోసుంటారు" అన్నారు. గడ్డకట్టిన డబ్బా ఫోటో, వాళ్లిచ్చిన సీసా చూపించాక కూలెంట్ డబ్బు వెనక్కిస్తామన్నారు. పంపు, రేడియేటర్ ఖర్చు సంగతి మాట్లాడటం లేదు. అందుకే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీకూ ఎవరైనా ఇలా విడి సీసా ఇచ్చి ఉంటే పారేయకండి. బిల్లుతో పాటు పిల్లలకి అందని చోట దాచండి, ఫ్రీజర్ నుంచి తీయగానే తేదీ పడేలా ఫోటో తీసుకోండి, రేడియేటర్ విప్పిన మెకానిక్ దగ్గర ఏం కనిపించిందో కాగితం మీద రాయించుకోండి.