మోటారు షెడ్డులో పాములు: ఫినాయిలా, కర్రా, షెడ్డు శుభ్రంగా సర్దుకోవడమా – ఏది మేలు?

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో దాదాపు సగం మరణాలు జూన్–సెప్టెంబరు నెలల్లోనే. వానలకు కలుగులు నీళ్లతో నిండితే పాములు పొడి చోటు వెతుక్కుంటూ మోటారు షెడ్డుకో, కట్టెల కొట్టానికో చేరతాయి.

అందరికీ ముందు గుర్తొచ్చేది ఫినాయిల్. గంధకం, వెల్లుల్లి కూడా చల్లుతారు. ఖర్చు తక్కువే, కానీ ఆ వాసనకు పాము రాదన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఒక్క వానకే కొట్టుకుపోతుంది. చల్లాం కదా అన్న ధీమాతో చీకట్లో బస్తాల వెనక చెయ్యి పెడతాం చూడండి, నా భయమంతా అదే. కొందరు చల్లే కార్బాలిక్ ఆమ్లమైతే ఒంటిమీద పడితే చర్మం కాలుతుంది. పిల్లలు, పశువులు తిరిగే చోట అసలు వద్దు.

కర్ర ఇంకా చెడ్డది. కొట్టాలంటే పాముకు దగ్గరగా వెళ్లాలి. పైగా దెబ్బ తినేది చాలాసార్లు విషం లేని, ఎలుకల్ని తినే జెర్రిపోతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఒప్పుకోదు.

పాము కళ్లెదుటే ఉంటే పట్టేవాళ్లను పిలవడమే మేలు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, మిగతా చోట్ల అటవీశాఖకు ఫోన్ చేయాలి. వాళ్లొచ్చేదాకా దూరం నుంచే దానిమీద ఓ కన్నేసి ఉంచండి. అయితే షెడ్డులో ఎలుకలున్నంత కాలం ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది.

అందుకే నా ఓటు షెడ్డు సర్దుకోవడానికే. ఒక పూట పని, అదీ పట్టపగలు, బూట్లు వేసుకుని. ఏ బస్తానైనా ముందు కర్రతో కదిపి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఒలికిన గింజలు ఊడ్చేసి, ఎలుక కన్నాల్ని సిమెంటుతో పూడ్చాలి. బస్తాల్ని గోడకు ఎడంగా చెక్కల మీద పేర్చాలి. తలుపు కింద సందు, స్టార్టర్ డబ్బాలో వైర్లు దూరే కంతలు మూసేయాలి. రాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతు ముందు చెయ్యి పెట్టేది ఆ డబ్బాలోనే.

కాపలాకు షెడ్డులోనే పడుకునేవాళ్లకు ఇదొక్కటే చాలదు. నేలమీద కాకుండా మంచం మీద, దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపి పడుకోవాలి. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. అనుమానం వచ్చినా సరే, కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా, కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోన్ చేసి పాము విషానికి విరుగుడు మందు (యాంటీవెనమ్) ఉండే ఆస్పత్రికి చేరాలి.