ఫైనాన్స్ ఉద్యోగం కోసం ఎంబీఏలో చేరబోయేవారికి హెచ్చరిక

డిగ్రీ ముగిసిన వెంటనే, ఉద్యోగానుభవం ఏమీ లేకుండానే, ఫైనాన్స్ స్పెషలైజేషన్ ఉందన్న నమ్మకంతో ఏడాది ఎంబీఏలో చేరి నేను నష్టపోయాను. కంపెనీలకు నిధుల సమీకరణ, విలీనాల వంటి పనుల్లో సాయపడే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లాలనుకుంటున్నానని అడ్మిషన్ల కౌన్సిలర్‌కు ముందే చెప్పాను. దానికి ఇదే సరైన దారి అని ఆయన భరోసా ఇచ్చారు. ఆ మాట ఎంత తప్పో ఫీజు కట్టాక గానీ తెలియలేదు.

పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు ఎంబీఏ పట్టభద్రులను ప్రధానంగా అసోసియేట్ హోదాలో తీసుకుంటాయి. రెండేళ్ల ఎంబీఏలో మొదటి సంవత్సరం ముగిశాక వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్పే ఆ ఉద్యోగానికి ముఖ్యమైన మెట్టు కాగా, నేను చేరిన ఏడాది కోర్సులో ఆ వేసవే లేదు. అసోసియేట్ కన్నా కింది హోదా అయిన అనలిస్ట్ ఉద్యోగాలకు డిగ్రీ విద్యార్థులతో పాటు మాస్టర్స్ ఇన్ ఫైనాన్స్ చదివినవారిని ఎంచుకుంటారు. అనుభవం లేని నేను చదవవలసింది ఆ కోర్సేనని ఆలస్యంగా గ్రహించాను. ఎంబీఏలకు గుర్తింపునిచ్చే ఆంబా సంస్థ విద్యార్థులకు సాధారణంగా కనీసం 3 ఏళ్ల ఉద్యోగానుభవం ఉండాలని కోరుతుంది. నాలాంటివారిని ఏ ప్రశ్నా లేకుండా చేర్చుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

స్పెషలైజేషన్ విషయానికి వస్తే, మార్కెటింగ్, మానవ వనరులు, ఆపరేషన్స్ వంటి తప్పనిసరి సబ్జెక్టులకే ఎక్కువ సమయం గడిచిపోయింది. డెరివేటివ్స్ (షేర్ల వంటి వాటి ధరపై ఆధారపడే ఒప్పందాలు), ఎకనామెట్రిక్స్ (ఆర్థిక సమాచారాన్ని గణాంక పద్ధతులతో విశ్లేషించడం) బోధించనే లేదు. కాబట్టి బ్రోషర్ చూసి సరిపెట్టుకోకుండా, నిరుడు నిజంగా నడిచిన ఎలెక్టివ్‌ల (విద్యార్థులు ఎంచుకునే సబ్జెక్టుల) జాబితాను రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ప్లేస్‌మెంట్ అంకెలను మరింత జాగ్రత్తగా చదవండి. నాకు చూపించిన శాతం మొత్తం విద్యార్థులలో లెక్కించినది కాదు, ఉద్యోగం వెతుకుతున్నామని నమోదు చేసుకున్నవారిలో మాత్రమే లెక్కించినది. జీతాల విషయంలోనూ సగటునే చూపారు తప్ప మధ్యస్థ విలువ (జీతాలను వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఇవ్వలేదు. ఒకరిద్దరికి భారీ జీతం వస్తే చాలు, సగటు పైకి లేస్తుంది. ఫైనాన్స్‌లో చేరినవారు ఎందరు, వారిలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులకు వెళ్లినవారు ఎందరు, బ్యాంకుల అమ్మకాల విభాగాలకు వెళ్లినవారు ఎందరు అని విడివిడిగా అడగండి. జవాబు దాటవేస్తే, ఆ కోర్సు చదివి బయటికి వచ్చినవారినే అడగండి. నేను ఆ పని చేరిన తరువాత చేశాను.

ఈ డిగ్రీ ఉంటే, పెట్టుబడుల రంగంలో వృత్తి అర్హత అయిన సీఎఫ్ఏలో సగం పూర్తయినట్టేనని కూడా ఆ కౌన్సిలర్ చెప్పారు. సీఎఫ్ఏకు 3 స్థాయిల పరీక్షలు ఉన్నాయి, ఏ డిగ్రీ చూపినా వాటిలో ఒక్కదాని నుంచీ మినహాయింపు దొరకదు. నేను ఇప్పుడు మొదటి స్థాయి పరీక్షకే చదువుతున్నాను.