వెనక కాళ్లు చచ్చుబడిన కుక్కకు చక్రాల బండి: మూడేళ్ల వాడకం తరువాత

మా చిట్టి చక్రాల బండితో తిరగడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మేము ఉండేది చెన్నై పెరంబూరులో, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. బండి మంచిదే, కొనుక్కోమనే చెబుతాను. కానీ ఏ కుక్కకు కొనాలి, ఎప్పుడు కొనాలి అన్నది బండి నాణ్యత కంటే పెద్ద విషయం. అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు కాబట్టి ముందు అదే చెబుతాను.

చిట్టి డాషండ్ జాతి కుక్క. కాళ్లను పొట్టిగా చేసే ఒక జన్యు మార్పే వెన్నుపూసల మధ్య డిస్కులను కూడా చిన్న వయసులోనే పాడు చేస్తుందని 2017లో శాస్త్రవేత్తలు గుర్తించారు. మెత్తగా, జిగురుగా ఉండాల్సిన డిస్కు మధ్యభాగం సున్నం పట్టి గట్టిపడుతుంది. ఒకనాడు పగిలి పైకి చిమ్ముతుంది. పైన ఉన్నది వెన్నుపాము. సుమారుగా నాలుగైదు డాషండ్లలో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. కుక్కకు 13 జతల పక్కటెముకలు ఉంటాయి. అవి ముగిసి నడుము మొదలయ్యే చోటే డిస్కు ఎక్కువగా పగులుతుంది. సోఫా మీదకు ఎవరు ఎక్కనిచ్చారని ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకండి. దూకిన రోజుకు చాలా ముందే డిస్కు పాడై ఉంటుంది.

చిట్టి కాళ్లు పడిపోయిన రోజు మేము మొదట చూపించిన చోట ఒక నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి, "రెండు రోజులు చూడండి, లేవకపోతే చక్రాల బండి కొనండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. అదే సాయంత్రం మరో వైద్యుడికి చూపించాం. ఆయన చేసిన మొదటి పరీక్ష కాలి వేలిని పట్టకారుతో గట్టిగా నొక్కడం. కుక్క కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన నొప్పి తెలిసినట్టు కాదట. మెదడు దాకా కబురు పోకపోయినా వెన్నుపాము తనంతట తానే ఆ పని చేయించగలదు. కుక్క తల తిప్పి చూడాలి, మూలగాలి, లేదా కరవబోవాలి. నొప్పి తెలుస్తున్న కుక్కలకు ఆపరేషన్ చేస్తే పదింటిలో తొమ్మిది దాకా మళ్లీ నడుస్తాయి. నొప్పి తెలియని స్థితికి చేరాక ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. ఒక్కోసారి ఒక దశ నుంచి మరో దశకు జారడానికి కొన్ని గంటలు చాలు. అందుకే "రెండు రోజులు చూడండి" అన్న సలహా ఎవరు ఇచ్చినా వినకండి. ఎక్స్‌రేలో వెన్నుపాము కనబడదు. ఎక్కడ నొక్కుకుపోయిందో తేల్చేది ఎమ్మారై స్కాను. పెరంబూరు వాళ్లకు వేపేరి పక్కనే. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి అక్కడే ఉంది.

చిట్టికి పరీక్ష చేసేసరికే నొప్పి తెలియడం లేదు. ఆపరేషన్ చేయించాం. వెన్నుపూస పక్క నుంచి కొంత ఎముక తొలగించి, పగిలిన డిస్కు ముక్కలను తీసేశారు. కాళ్లలో శక్తి తిరిగి రాలేదు. కుట్లు మాని, విశ్రాంతి రోజులు పూర్తయి, వైద్యుడు సరేనన్న తరువాతే బండి మాట ఎత్తాం. నడక తడబడడం దగ్గరే ఆగిన కుక్కలైతే చాలావరకు కనీసం నాలుగు వారాలు బోనులో కదలకుండా ఉంచితేనే కోలుకుంటాయి. వాటిని ఆ రోజుల్లో బండి ఎక్కించి తిప్పడం చేతులారా చేసే హాని.

ఇక బండి. అల్యూమినియం చట్రం, రెండు రబ్బరు చక్రాలు, ఛాతీకి పట్టీ, తుంటి కింద జీను, పాదాలు వేలాడదీయడానికి రెండు వలయాలు. చట్రం ఇప్పటికీ వంకర పోలేదు. నట్లు, బోల్టులు మాత్రం చెన్నై ఉప్పుగాలికి తట్టుకోలేదు. మొదటి వానాకాలానికే తుప్పు పట్టి, ఎత్తు సవరించే మర బిగుసుకుపోయింది. సైకిల్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాక ఆ బాధ లేదు. టైర్లు అరిగితే అదే షాపులో దొరికాయి. కొనేముందు చక్రం కొలత మామూలు బజారులో దొరికేదేనా అని అడగండి. కంపెనీ నుంచే తెప్పించుకోవాలంటే అన్నాళ్లూ కుక్క మూలన కూర్చోవాలి.

కొలతల విషయంలో రాజీ పడకండి. బండిలో నిలబెట్టి పక్క నుంచి చూస్తే వీపు నేలకు సమాంతరంగా ఉండాలి. చక్రాల ఇరుసు మరీ వెనక్కి పోతే బరువంతా ముందు కాళ్ల మీద పడుతుంది. వెనక కాళ్లు లేని లోటును భుజాలే మోస్తున్నాయి, వాటిని కాపాడుకోవాలి. వెనక కాళ్లలో కాస్తయినా కదలిక ఉన్న కుక్కకు పాదాలు వలయాల్లో పెట్టకుండా నేలకు తగలనివ్వాలి, అది తన్నుకుంటూ సాధన చేస్తుంది. పాదం మడతపడి ఈడ్చుకుపోతుంటే మాత్రం వలయాల్లోనే ఉంచాలి. ఒక విడతకు ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. బండిలో ఉన్న కుక్క పడుకోలేదు, ఆ సంగతి మరిచిపోయి ఇంటి పనిలో పడకూడదు. విప్పగానే తొడల లోపల, చంకల్లో చూడాలి. తొడల దగ్గర స్పర్శ లేదు కాబట్టి జీను ఒరుసుకుని పుండు పడినా అది చెప్పదు. కంపెనీ జీను మీద మెత్తని పాత నూలు చీర ముక్క కుట్టాను, ఒరుపు ఆగింది.

సిమెంటు దారుల మీద బండి హాయిగా సాగుతుంది. స్పీడు బ్రేకర్ల దగ్గర వెనక నుంచి ఎత్తి దాటించాలి. బీచ్ ఇసుకలో ఈ సన్నచక్రాలు కూరుకుపోతాయి, తడి ఇసుక గట్టిగా ఉన్న అంచున మాత్రమే నడపగలిగాం. కార్తీక మాసపు వానల్లో వీధి నీళ్లలోకి దింపనే దింపను. ఇంట్లో బండి వాడం. నున్నటి టైల్స్ మీద ముందు కాళ్లు జారకుండా గది పొడవునా రబ్బరు చాప పరిచాం.

బండి చూసి ముచ్చటపడేవాళ్లు దాని వెనక ఉన్న చాకిరీ తెలుసుకోవాలి. చిట్టికి మూత్రం దానంతటదే రాదు. ఆరేడు గంటలకోసారి పొట్ట కింద రెండు చేతులతో నొక్కి తీయాలి. అర్ధరాత్రి లేచే వంతు మా ఆయనది. ఆ పట్టు వైద్యుడి దగ్గర చేతి మీద చెయ్యి వేయించుకుని నేర్చుకోవాల్సిందే, మాటలతో రాదు. బండి ఎక్కించే ముందు తప్పకుండా తీయాలి. మూత్రం వాసన మారినా, మబ్బుగా ఉన్నా, ఎరుపు కనబడినా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దానికి మంట తెలియదు గనుక మనమే కనిపెట్టాలి. ఈ పని చేసేవాళ్లు ఇంట్లో ఇద్దరైనా లేకపోతే ఎంత ఖరీదైన బండి కొన్నా ప్రయోజనం లేదు.

పిల్లులకు కొనాలా అని మా పై అంతస్తు మామ్మగారు అడిగారు. ఆవిడ పిల్లి బాల్కనీ నుంచి పడి తోక మొదలు దగ్గర దెబ్బ తగిలించుకుంది. "వద్దు మామ్మగారూ, ముందు దానికి మూత్రం వస్తోందో లేదో చూపించండి" అన్నాను. తోక మొదట్లో విరిగినా, లాగుకుపోయినా మూత్రాశయానికి వెళ్లే నరాలు దెబ్బతినవచ్చు. కొన్ని వారాల్లో చాలావాటికి తిరిగి పట్టు చిక్కుతుంది. దానికీ అలాగే జరిగింది. చాలా పిల్లులు బండిని ఒప్పుకోవు, నేల మీద ఈడ్చుకునే ఎంతో వేగంగా తిరిగేస్తాయి. నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం పిల్లికి ఎన్నడూ వేయకండి, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. కుక్కకు ఐబుప్రోఫెన్ కూడా అంతే ప్రమాదం.

చిట్టి కాస్త సన్నబడ్డాక జీను చిన్నదానికి మార్చాం. పాతది ఉతికి భద్రపరిచాను, బాగానే ఉంది. తుంటి వెడల్పు సరిపోయే డాషండ్ చెన్నైలో ఎవరి దగ్గరైనా ఉంటే ఊరికే ఇస్తాను. వచ్చేటప్పుడు కుక్కను వెంట తెండి, బండిలో నిలబెట్టి ఎత్తు చూద్దాం.