ఆర్‌లో నాన్‌సెంట్రల్ టి క్వాంటైల్: ఆరేళ్లు వాడాక నా మాట

బెంగళూరు పీన్యాలో వెల్డింగ్ పార్టుల బలం చూసే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలోని క్యూటి (qt: ఇచ్చిన సంభావ్యతకు టి పంపిణీలో ఏ అంకె వస్తుందో, అంటే క్వాంటైల్, చెప్పేది) ఫంక్షన్‌కి ఎన్‌సిపి (ncp: ఆ పంపిణీ సున్నా నుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పే అంకె) కూడా ఇచ్చి వాడటం ఆరేళ్లుగా నా రోజువారీ పని, కాబట్టి రాస్తున్నా.

మా దగ్గర పది పీసులు లాగి తెంపుతాం, ఆ పదింటిని బట్టి లాట్‌లో 95 శాతం పీసులు కనీసం ఇంత లోడ్ ఆపుతాయని 95 శాతం నమ్మకంతో చెప్పాలి. సగటులోంచి ఎస్‌డికి (అంకెల చెదురుదనాన్ని కొలిచే స్టాండర్డ్ డీవియేషన్) 1.645 రెట్లు, అంటే నార్మల్ పంపిణీలో 95 శాతానికి వచ్చే అంకె, తీసేస్తే చాలదు, ఎందుకంటే పది పీసుల మీద వచ్చిన సగటూ ఎస్‌డీ రెండూ ఇంకో పది తీస్తే మారిపోతాయి. ఆ ఊగిసలాటను లెక్కలోకి తెచ్చేది నాన్‌సెంట్రల్ టి, అంటే ఎన్‌సిపితో పక్కకు జరిగిన టి పంపిణీ. 1.645ని 10 వర్గమూలంతో గుణిస్తే ఎన్‌సిపి 5.2 వస్తుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (పీసుల సంఖ్యలో ఒకటి తక్కువ) 9, క్యూటి 9.2 దగ్గర ఇస్తుంది, దాన్ని మళ్లీ వర్గమూలంతో భాగిస్తే 2.911. ఎస్‌డికి తీసేయాల్సిన రెట్లు ఇవే, అంటే 1.645కి దాదాపు రెట్టింపు! 20 పీసులైతే 2.396కి దిగుతుంది.

ఇది రాకముందు బీరువా తలుపుకి అంటించిన జిరాక్స్ టేబుల్ చూసేవాళ్లం. 10కీ 15కీ మధ్య 13 పీసులుంటే ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసేవాళ్లు. ఆ బాధ పూర్తిగా పోయింది, అందుకే ఈ ఫంక్షన్ అంటే నాకు నిజంగా ఇష్టం.

ఇక ఇబ్బంది. పోయినేడాది ఒక కస్టమర్ 400 పీసుల డేటా ఇచ్చి 99 శాతానికి లిమిట్ అడిగాడు. నేను జవాబు తీసి, అదే అంకెను పిటిలో (pt: క్యూటికి తిరగేసిన ఫంక్షన్, అంకె ఇస్తే సంభావ్యత చెబుతుంది) పెట్టి చూస్తే 0.95 చక్కగా తిరిగొచ్చింది, సరే అనుకున్నా. పక్కన అనంతపురం నుంచి కొత్తగా చేరిన కుర్రాడు, "అన్నా, ఎన్‌సిపి 46 దాటింది, హెల్ప్‌లో 37.62 వరకే కరెక్ట్ అని ఉంది చూడు" అన్నాడు. ఏ వార్నింగూ రాలేదు నాకు. ఆ హద్దు దాటితే లోపల పిటి మామూలు నార్మల్ ఉజ్జాయింపుకి మారిపోతుంది, క్యూటి చేసేది ఆ పిటినే వెనక్కి వెతకడం, కాబట్టి రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటే తేలేదేమీ లేదు. 99 శాతానికి 262 పీసుల దగ్గరే హద్దు దాటిపోతాం.

టెన్షన్‌తో ఆ సాయంత్రమే సిమ్యులేషన్ పెట్టాం: యాదృచ్ఛికంగా తీసిన నార్మల్ అంకెకి ఎన్‌సిపి కలిపి, కై-స్క్వేర్‌ని (నార్మల్ అంకెల వర్గాల మొత్తం) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించి దాని వర్గమూలంతో భాగించడం, పది లక్షల సార్లు. రెండు దశాంశాల వరకు తేడా రాలేదు, రిపోర్ట్ అలాగే పంపాం.

చిన్న విషయం ఇంకొకటి: ఎన్‌సిపి సున్నా అని రాయడమూ, అసలు రాయకపోవడమూ ఒకటి కాదు, లోపల నడిచే పద్ధతే వేరు. మామూలు టి కావాలంటే ఆ మాటే ఎత్తకండి. పదీ ముప్పై పీసుల పనికైతే కళ్లు మూసుకుని వాడొచ్చు, వందలు దాటితే మాత్రం ఎన్‌సిపి ఎంతో ముందు ప్రింట్ చేసి చూసుకోండి, మా స్క్రిప్ట్‌లో ఇప్పుడు మొదటి లైన్ అదే.